అడుగు కనపడేంత వెలుగు

యాకుత్‌పురాలో మేమున్న గల్లీ ఎంత ఇరుకంటే, మా గడప మీద కూర్చుని అమ్మ చెయ్యి చాపితే, ఎదురింటి గడప మీద కూర్చున్న ఆపా చేతికి గిన్నె అందేది. గొప్పకు చెప్పడం లేదు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరూ చేసిన పని అదే. ఇటునుంచి పులిహోర వెళ్తే అటునుంచి బగారా బైంగన్ వచ్చేది, నేను మధ్యలో నిలబడితే రెండిట్లోనూ వేలు పెట్టేదాన్ని, ఇద్దరూ తిట్టేవాళ్ళు.

తొంభైల మొదట్లో మేము ఆ ఇంట్లో అద్దెకు దిగాం. మాది గోదావరి జిల్లా. నాన్నది సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆఫీసు దగ్గర, అద్దె తక్కువ, అంతకు మించి ఆయన ఏమీ ఆలోచించలేదు. అమ్మకు ఉర్దూ ముక్క రాదు. కొత్తింట్లో పాలు పొంగించి, కూరగాయల బండి కేకేస్తే వెళ్ళి, బండివాడు చెప్పింది అమ్మకు అర్థం కాక, అమ్మ చెప్పింది వాడికి అర్థం కాక, వంకాయలు అడిగితే వాడు కాకరకాయలు తూచి పోయాడట. అమ్మ ఆ కాకరకాయలు ఒళ్ళో వేసుకుని గడప మీద కూర్చుని ఏడ్చింది. నాన్న ఆఫీసుకు వెళ్ళిపోయాడు. నేను పక్కన కూర్చుని, అమ్మ ఏడుస్తోంది కదా అని నేనూ అందుకున్నాను.

అప్పుడు ఎదురింటి గోనెపరదా వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "ఏంది చెల్లె, గట్ల ఏడుస్తున్నవ్? కొత్తిల్లు, పాలు పొంగినయా, ఇరిగినయా?"

తెలుగు! గోనెపరదా వెనకనుంచి తెలుగు! అమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆపాది నల్గొండ దగ్గర పల్లె. పెళ్ళయి ఈ గల్లీకి వచ్చాక ఇంట్లో అందరూ ఉర్దూయే. "తెలుగు మాట్లాడక నాలుకకు తుప్పు పట్టింది చెల్లె, అల్లానే నిన్ను తోలిండు" అని ఆ పూటే చెప్పింది. ఆమె అసలు పేరు నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. అందరికీ ఆపాయే, అక్క అన్నమాట. అమ్మ కంటే పదేళ్ళు పెద్దది. ఇంట్లో బావలూ మరుదులూ తోడికోడళ్ళూ వాళ్ళ పిల్లలూ, పొద్దుటినుంచీ పదిమందికి వంట. పగలు ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు.

వాళ్ళిద్దరికీ దొరికిందల్లా సాయంత్రం ఒక గంట. మగ్రిబ్ నమాజుకు మగవాళ్ళు మసీదుకు వెళ్ళేవాళ్ళు, అటునుంచి అటే హోటల్లో చాయ్ తాగి కబుర్లు చెప్పుకుని వచ్చేవాళ్ళు. ఆ గంటలో గల్లీలో ఒక్కొక్క పరదా పైకి లేచేది. ఆడవాళ్ళు బుర్ఖా ఏమీ లేకుండా, తలమీద దుపట్టా కప్పుకుని గడపల మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. మా గల్లీ అవతలి కొస మూసుకుపోయి ఉంటుంది కనుక పనిలేని మగమనిషి లోపలికి రాడు. ఇవతలి మూల మీద పాన్‌డబ్బా ఒకటి, దాని ముందు ఎప్పుడూ నలుగురు కుర్రాళ్ళు. కాని గల్లీలో ఉన్నది మునిసిపాలిటీ వాళ్ళ ఒకే ఒక్క గుడ్డి దీపం. మూలమీద నిలబడ్డవాళ్ళకు గడపల మీద ఏవో ఆకారాలు కనపడేవేగాని ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని చేసింది కాదు. ఎప్పటినుంచో అలా నడిచిపోతోంది.

ఆ గంటలో అమ్మ, ఆపా ఏం మాట్లాడుకునేవాళ్ళో అడక్కండి. అత్తగార్ల సంగతులు, మోకాళ్ళ నొప్పులు, చింతకాయ తొక్కులో ఎల్లిపాయ వెయ్యాలా వద్దా. ఆపా, రెండో కానుపులో పోయిన తన పిల్ల సంగతి వాళ్ళాయనతో కూడా మాట్లాడనిది, అమ్మతో మాట్లాడేది. మా అమ్మ, పుట్టింటికి కూడా చెప్పుకోని మాటలు ఆ గడప మీద చెప్పుకుంది. నేను చెవులు రిక్కిస్తే "లోపలికి పో" అని ఇద్దరూ ఒకేసారి కసిరేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇద్దరి మీదా ప్రేమే పొంగుతుంది.

ఏళ్ళు గడిచాయి. అద్దెకున్న ఇంటినే నాన్న కొనుక్కున్నాడు. నేను చదువు ముగించి ఆబిడ్స్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాను. రెండువేల దశకం చివర్లో మా గల్లీలో పైపులు వేస్తామని తవ్వి, తవ్విన గుంట సగం పూడ్చి, సగం అలాగే వదిలేసి పోయారు. అదే నెలలో ఆ గుడ్డి దీపం కూడా మాడిపోయింది. నాన్న అర్జీ మీద అర్జీ పెట్టాడు. దీపం రాలేదు. ఒకరోజు చీకటిపడే వేళ పెరుగు ప్యాకెట్టు తెస్తూ అమ్మ ఆ గుంటలో కాలేసింది. చీలమండ విరిగింది. మోకాలిదాకా కట్టు వేశారు.

నాన్న బెంబేలెత్తిపోయాడు. ఆస్పత్రి వరండాలో నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూడనట్టు అటు తిరిగాను. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, కరెంటు సామాన్లు దొరికే ట్రూప్ బజార్‌కు వెళ్ళి, సాయంత్రానికి ఒక అట్టపెట్టెతో దిగాడు. "ఎల్‌ఈడీ ఫోకస్ లైటు! విదేశీ మాల్! కరెంటు తాగదు, ఏళ్ళ తరబడి మాడదు!" అని పెట్టె మీద రాసిందంతా మాకు చదివి వినిపించాడు. అప్పటికి ఎల్‌ఈడీ అంటే మాకు తెలిసింది టీవీ కింద వెలిగే ఎర్రచుక్క ఒక్కటే. కొత్త వస్తువు కనపడితే మా నాన్న చేతులు ఊరుకోవు. నిచ్చెన ఎదురింటినుంచే అరువు తెచ్చాడు. ఆపా వాళ్ళాయన, మేం భాయ్‌సాబ్ అని పిలిచే పెద్దమనిషి, కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు కూడా.

స్విచ్చి వేశారు. అబ్బో, ఏం వెలుగది! తెల్లగా, నీలంగా, కళ్ళలో సూదులు గుచ్చినట్టుంది. గల్లీ ఈ కొసనుంచి ఆ కొసదాకా గోడమీది సున్నం పెచ్చులతో సహా కనపడింది. గుంట కనపడింది, గుంటలోని రాళ్ళు కనపడ్డాయి.

"వాహ్ సాబ్!" అన్నాడు భాయ్‌సాబ్, ఇన్నేళ్ళలో మాతో మాట్లాడి నేర్చుకున్న తెలుగు కలిపి. "క్యా రోష్నీ! మా గల్లీకి పగలు తెచ్చిండ్రు!"

నాన్న ముఖం కూడా వెలిగిపోయింది. "ఇక మీ ఆపా, నువ్వూ పేపరు చదువుకుంటూ కబుర్లు చెప్పుకోవచ్చు" అన్నాడు అమ్మతో. అమ్మ గడప దగ్గర కుర్చీలో, కట్టుకాలు పీట మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నవ్వింది.

ఆ సాయంత్రం ఆపా రాలేదు. మర్నాడూ రాలేదు. గల్లీలో ఏ పరదా పైకి లేవలేదు. అమ్మ ఒక్కతే ఆ తెల్లటి వెలుగులో కూర్చుని ఎదురింటి గోనెపరదా వంక చూస్తూ ఉండేది. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి రోజూ అదే. పులిహోర చేసి నాచేత పంపింది. పరదా కొంచెం తొలగింది, చెయ్యి బయటికి వచ్చింది, గిన్నె లోపలికి పోయింది. "ఆపా, అమ్మ మీకోసం చూస్తోంది" అన్నాను. "వస్త బిడ్డా, పానం బాగలేదు" అంది. గొంతు ఏదోలా ఉంది. గిన్నె మర్నాడు కద్దూ కీ ఖీర్‌తో, అదే సొరకాయ పాయసంతో, తిరిగి వచ్చింది. మనిషి మాత్రం రాలేదు.

ఇక మా అమ్మ మొదలుపెట్టింది. "నేనేం అన్నానే? వాళ్ళ పెద్దకోడలు బిర్యానీలో ఉప్పెక్కువైందన్నాను, అది చెవినపడి ఉంటుందా? లేకపోతే పడ్డరోజు ఆపా పరుగెత్తుకొచ్చి పట్టుకుంటే నొప్పికి విసుక్కున్నాను, దానికి నొచ్చుకుందా?" పొద్దున ఒక కారణం, సాయంత్రం ఒక కారణం. "అమ్మా, నువ్వు అతిగా ఆలోచిస్తున్నావు" అని నేను అరిచాను. నేను అరిస్తే అమ్మ ఇంకా ముడుచుకుపోయేది. భోజనం సగంలో వదిలేసేది. నాన్న అది కాలినొప్పి అనుకున్నాడు, మందుబిళ్ళ పట్టుకుని వెనకాలే తిరిగాడు. నిజానికి ఈ ఊళ్ళో అమ్మకున్న ఒకే ఒక్క మనిషి జారిపోతోంది. కుంటికాలితో గుంట దాటి వెళ్ళి అడగలేదు. వెళ్ళినా అక్కడ తోడికోడళ్ళ మధ్య ఏం అడుగుతుంది?

ఒకరోజు దీపాలు పెట్టే వేళ కరెంటు పోయింది. వేసవి, కరెంటు కోతల కాలం. నేను విసనకర్ర తెచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. గల్లీ అంతా చీకటి. ఇంతలో ఎదురింటి పరదా లేచింది. ఆపా! గబగబా వచ్చి గడప మీద కూర్చుని, చెయ్యి చాపి, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"కాలెట్లుంది చెల్లె? మస్తు ఫికర్ చేసిన నీ గురించి."

"నామీద కోపం వచ్చిందా ఆపా? నేనేమన్నా అన్నానా?" అంది అమ్మ.

"పాగల్! కోపమేంది? నీ మీద నాకు కోపమా?" ఆపా గొంతు తగ్గించింది. "నీకొక ముచ్చట చెప్పాలె. గాబరా పడకు. మా ఇంట్ల..."

భగ్గుమని కరెంటు వచ్చింది. నాన్న లైటు గల్లీ అంతా పరుచుకుంది. మూలమీద పాన్‌డబ్బా దగ్గర కుర్రాళ్ళు "ఆగయా, ఆగయా" అని అరిచి ఇటు తిరిగారు. ఆపా "యా అల్లా" అంటూ దుపట్టా ముఖం మీదికి లాక్కుని, ఒక చెప్పు గడప మీదే వదిలేసి లోపలికి ఉరికింది. పరదా పడిపోయింది. అమ్మ చెయ్యి ఇంకా గాలిలో చాపే ఉంది.

అమ్మకూ నాకూ ఒక్కసారే అర్థమైంది. నేను తల ఎత్తి ఆ లైటు వంక చూశాను. దాన్ని రాయి పెట్టి కొడదామనిపించింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే" అంది అమ్మ, సగం నవ్వుతూ సగం ఏడుస్తూ. ఎలా చెబుతారు? అది ఆ గల్లీ మర్యాద. ఎదుటివాడు పెట్టిన దీపాన్ని, అందులోనూ కాలు విరిగిన ఇల్లాలి కోసం పెట్టిన దీపాన్ని, మాకు అడ్డమని అనరు. వాహ్ అంటారు, నిచ్చెన పట్టుకుంటారు, వెళ్ళి పరదా దించుకుంటారు. మా గోదావరి జిల్లాలో అయితే పక్కింటావిడ మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఏవండీ, మీ లైటు మా ఇంట్లోకి కొడుతోందండీ" అని నిలదీసి పోయేది. మా నాన్నకు ఆ భాషే తెలుసు. మెచ్చుకోలు వింటే మెచ్చుకున్నారనే అనుకున్నాడు.

"నాన్నకు చెప్పకు" అంది అమ్మ. "నాకోసం పెట్టారు. నొచ్చుకుంటారు."

"అయితే ఆర్పేద్దాం."

ఆర్పి చూశాం. రెండు నిమిషాలు కాలేదు, నాన్న టార్చిలైటు పట్టుకుని బయటికి వచ్చి "ఫ్యూజు పోయిందా?" అని బోర్డు విప్పబోయాడు. ఇక అమ్మ కరెంటు కోతల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. మా ఇంట్లో కరెంటు పోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషి మా అమ్మే. ఎప్పుడూ తిట్టుకుంటే పోయే కరెంటు, ఆ వారమంతా పోనేలేదు. "ఆపా ఏదో చెప్పబోయిందే. మా ఇంట్లో అంది. ఇంట్లో ఏమైంది?" ఇదే జపం. నేను వెళ్ళి పరదా దగ్గర నిలబడి అడిగాను. "ఊకెనే బిడ్డా, ఏం లేదు" అంది ఆపా. వెనక ఎవరో మాట్లాడుతున్నారు. ఏం లేకపోతే ఆ గొంతు అలా ఉండదు.

ఆదివారం నాన్న స్టూలెక్కి, తడి కాగితంతో ఆ లైటు అద్దం తుడుస్తున్నాడు. ఈల వేస్తున్నాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, ఆ ఈలకు అది ఎక్కడో అంటుకుంది.

"తుడవండి నాన్నా, ఇంకా బాగా తుడవండి. గల్లీలో ఆడవాళ్ళను ఇంట్లో పెట్టి తాళం వేశారు. మిగిలింది ఏముంది, ఆ అద్దమే."

నాన్న తెల్లబోయాడు. అంతా చెప్పేశాను. వినలేదు మొదట. "వెలుగొద్దనే వాళ్ళుంటారటే? భాయ్‌సాబ్ ఎంత మెచ్చుకున్నాడు!"

"మెచ్చుకోక? మీ లైటు వల్ల మా ఆడవాళ్ళు గడప దాటడం లేదని మీ ముఖం మీద చెబుతాడా?"

నాన్న స్టూలు దిగాడు. మూలమీది పాన్‌డబ్బా దాకా నడిచి వెళ్ళాడు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి, ఎండలో గడపలన్నీ ఎంత సూటిగా కనపడుతున్నాయో చూసినట్టున్నాడు. తిరిగి వచ్చి అమ్మ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పవా?"

"నా కాలు కోసం పెట్టారు కదండీ."

"నీకోసం పెట్టింది నీకే అడ్డమైతే ఎందుకే అది? ఇవాళే పీకేస్తాను."

"పీకొద్దు" అంది అమ్మ కంగారుగా. "గుంట అలాగే ఉంది. రేపు ఆపా చీకట్లో వచ్చి పడితే? ఆమె ఎముకలు నాకన్నా పాతవి. తగ్గించండి, చాలు."

తగ్గించడం. వినడానికి ఎంత తేలికగా ఉంది! మా నాన్న రెండు వారాలు ఆ ఒక్కమాట మీద పడ్డాడు. మొదట పాత ఫ్యాను రెగ్యులేటరు తెచ్చి బిగించాడు. ఒకటి దగ్గర పెడితే లైటు తగ్గలేదు, టపటప కొట్టుకుంది. రెండు దగ్గరా అంతే. గల్లీ మొత్తం ఆరుతూ వెలుగుతూ ఉంటే, మూలమీద కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి డాన్సు మొదలుపెట్టారు. నాన్న మళ్ళీ ట్రూప్ బజార్‌కు పరుగెత్తాడు. దుకాణంవాడు చెప్పింది ఇంటికొచ్చి మాకు వాడి గొంతుతోనే చెప్పాడు: "దీనికి రెగ్యులేటర్ నడ్వది సాబ్. లోపల డబ్బా ఉంటది, కరెంట్ ఎంతిచ్చినా అది తనకు కావలసినంత తీసుకుంటది. అయినా అందరూ జ్యాదా రోష్నీ అడుగుతరు, మీరేంది, కమ్ చెయ్యమంటరు?"

తరవాత అమ్మ పాత పసుపు నూలుచీర చింపి, నాలుగు మడతలు వేసి లైటుకు చుట్టాడు. ఆ సాయంత్రం నమాజుకు వెళ్తూ భాయ్‌సాబ్ ఆగి, పైకి చూసి, "ఏంది సాబ్, లైట్‌కు బుఖార్ వచ్చిందా? పట్టీ కట్టిండ్రు" అన్నాడు. నాన్న ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలాడు. భాయ్‌సాబ్ ఒక్క క్షణం ఆయన్ను చూశాడు. "నిచ్చెన మీకాడనే ఉంచుకోండ్రి, ఎప్పుడు పని పడ్తదో" అని వెళ్ళిపోయాడు. అర్థమైందని అలా చెప్పాడు.

కాని ఆ గుడ్డతో కళ్ళు మండడం తగ్గిందేగాని, వెలుగు మెత్తగా అన్నివైపులకూ పాకింది. గడప మీద కూర్చున్న అమ్మ ముక్కుపుడక మూలమీదినుంచి ఇంకా మెరుస్తోంది. అప్పటికి నాన్నకు కిటుకు దొరికింది. "వెలుగు ఎంత అన్నది కాదే, ఎటు అన్నది" అన్నాడు. నూనెడబ్బా ఒకటి కత్తిరించి టోపీలాగా చేసి లైటుకు తొడిగాడు. లైటును నిలువుగా కిందికి, గుంట మీదికి వంచాడు. అప్పటికీ ఎక్కువే. దాని అద్దం వెనక చిన్నచిన్న బల్బులు వరసలుగా ఉంటాయి. నల్లటేపు ముక్కలు కత్తిరించి, అద్దం మీద ఒక్కొక్క బల్బు ఉన్నచోట అంటించుకుంటూ పోదామన్నాడు.

పరీక్ష ఎలాగనుకున్నారు? అమ్మ గడప మీద, నేను నిచ్చెన మీద టేపుతో, నాన్న పాన్‌డబ్బా దగ్గర. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ సర్కారు గుమాస్తా, ఆ కుర్రాళ్ళ మధ్య నిలబడి, ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్న భార్య ముఖం కనపడుతోందో లేదో తొంగితొంగి చూడడం!

"కనపడుతున్నావే!" అని కేక. నేను ఇంకో ముక్క అంటిస్తాను.

"ఇంకా కనపడుతున్నావు! నవ్వుతున్నావు కూడా!"

"మీ అవతారం చూస్తే నవ్వు రాదా?" అని అమ్మ.

"అంకుల్, చష్మా తీసి చూడండ్రి, కనపడదు" అని ఒక కుర్రాడు. కాసేపటికి వాళ్ళకూ సంగతి తెలిసిపోయింది. వాళ్ళ అమ్మలూ అక్కలూ కూడా ఆ పరదాల వెనకే ఉన్నారు మరి. "అంకుల్, ఇప్పుడు కనపడ్తలేదు, ఖసమ్‌సే" అని వాళ్ళే సాక్ష్యం చెప్పారు. నాన్న నడుచుకుంటూ వచ్చి గుంట అంచు కనపడుతోందా, గడప మెట్టు కనపడుతోందా అని కాలితో తడిమి చూసుకున్నాడు. "అడుగు కనపడాలి, ముఖం కనపడకూడదు. సరిపోయింది" అన్నాడు. ఆయన్ను ఆరోజు చూస్తే నాకు ఎంత ముద్దొచ్చిందో. దగ్గరికి వెళ్ళి చొక్కాకంటిన సున్నం దులిపాను. "చాల్లే" అని విదిలించుకున్నాడు.

మర్నాడు మగ్రిబ్ అజాన్ అయింది. మగవాళ్ళు వెళ్ళిపోయారు. నాన్న ఎప్పుడూ లేనిది కుర్చీ లోపలిగదిలోకి లాక్కుని కూర్చున్నాడు. అమ్మ గడప మీద, నేను వెనక తలుపు నీడలో. పొమ్మంటే పోదామని సిద్ధంగా ఉన్నాను. కొసన ఉన్న ఇంటి పరదా మొదట లేచింది. తరవాత దాని పక్కది. పసుపుచీర ముక్క టోపీ లోపల ఇంకా ఉంది కనుక వెలుగు కొంచెం పచ్చగా నేలమీద పడుతోంది. గల్లీలో మళ్ళీ గాజుల చప్పుడు, గుసగుసలు, ఎవరో పిల్లను కసరడం.

ఆపా అందరికంటే ఆలస్యంగా వచ్చింది. వచ్చి కూర్చుంది. అమ్మే మాట్లాడేసింది, కాలు గురించి, డాక్టరు గురించి, నాన్న పాన్‌డబ్బా దగ్గర నిలబడ్డ వైనం గురించి. ఆపా నవ్వింది. నవ్వుతూనే దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు కాదని నాకన్నా ముందే అమ్మకు తెలిసింది.

"ఏంటి ఆపా? ఏమైంది?"

"ఇల్లు అమ్మిన్రు చెల్లె. అన్నదమ్ములు అందరు పంచుకున్నరు. మేము నాందేడ్ పోతున్నం, బిడ్డ దగ్గరికి. ఈ నెల ఆఖర్ల."

"ఎప్పుడు అమ్మారు?" అంది అమ్మ.

"నీ కాలు ఇరిగినంక నాలుగు దినాలకు. ఆ దినం నుంచి చెప్పాలె, చెప్పాలె అని..."

అమ్మకు కోపం వచ్చింది. మా అమ్మకు కోపం రావడం నేను అరుదుగా చూశాను. "ఇన్నాళ్ళా! ఇన్నాళ్ళు దాచావా ఆపా? పరదా దగ్గరినుంచి ఒక్కమాట అనలేకపోయావా? నేనిక్కడ ఏమనుకుంటూ చస్తున్నానో నీకు తెలుసా?"

"పరదా ఎన్కనుంచి చెప్పే ముచ్చటనా చెల్లె ఇది?" అంది ఆపా. "నీ పక్కన కూసొని చెప్పాలె. చెప్తే నాకు ఏడుపొస్తది, నాకెరుకే. ఆ వెలుతుర్ల ఎట్ల ఏడ్వాలె? గల్లీ అంత చూస్తది గద. ఏడ్వాలంటే జరంత చీకటి కావాలె."

అమ్మ చెయ్యి చాపింది. గల్లీకి అటొకరు ఇటొకరు, గుంట మీదుగా చేతులు పట్టుకుని, ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ ఆగలేదు. తలుపు వెనక నోరు నొక్కుకున్నాను.

వెనక అలికిడి అయితే తిరిగి చూశాను. నాన్న. అంతా విన్నాడు. ముఖం అదోలా అయిపోయింది. గుమ్మం పక్కన స్విచ్చిబోర్డు దగ్గరికి చప్పుడు కాకుండా వచ్చి, స్విచ్చి మీద వేలు పెట్టాడు. ఆ కాస్త వెలుగు కూడా తీసేస్తే వాళ్ళు మనసారా ఏడుస్తారని కాబోలు.

అమ్మ వెనక్కి తిరగలేదు. ఎలా తెలిసిందో మరి.

"ఆర్పకండి" అంది. "ఆ మాత్రం ఉండనివ్వండి. ఆపా ముఖం నాకు కనపడనివ్వండి."

నాన్న వేలు తీసేశాడు. నన్ను భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.